జిన్ను గిన్నె పేరు చెప్పి మాచర్ల వెళ్ళొచ్చాను

మాచర్ల టికెట్ కొనేవాళ్ళలో సగం మంది అక్కణ్ణుంచి సాగర్ డామ్ చూడబోయేవాళ్ళే. నేను డామ్ చూళ్ళేదు. ఒక మనిషిని వెనక్కి పిలుచుకురావడానికి వెళ్ళాను. సెలవు అడిగేటప్పుడు మాత్రం రాగి గిన్నె పని మీద అని చెప్పాను. అది అబద్ధమేం కాదు. కానీ ఒక్క గిన్నె కోసమే అయితే కార్డు ముక్క రాసి ఊరుకునేదాన్ని.

అది ఎనభై అయిదో, ఎనభై ఆరో. మిరపకాయలు కళ్ళాల్లో ఎండుతున్న రోజులు. గుంటూరుకి బస్సు దూరంలో ఉన్న ఒక డిస్టిలరీలో నేను కెమిస్టుని. పేరు సలోమి. నలభై దాటినా పెళ్ళి చేసుకోలేదు. సంబంధాలు రాక కాదు, వచ్చినవాళ్ళు నాకు నచ్చక. మందు కంపెనీలో ఆడదానికి ఉద్యోగమేందని మా చర్చి వాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. వాళ్ళ వేళ్ళు, వాళ్ళ ముక్కులు, వేసుకోనీ అనుకున్నాను.

మా కంపెనీలో జిన్ను కాచే రాగి గిన్నె ఒకటి ఉండేది. మనిషి లోపలికి దిగి తోమేంత పెద్దది. పైన కొంగ మెడలా వంగిన గొట్టం. జిన్ను ఎట్లా చేస్తారో తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. చక్కెర ఫ్యాక్టరీలో మిగిలిన మడ్డిని పులియబెట్టి, కాచి, మళ్ళీ మళ్ళీ కాచి, వాసనా రుచీ లేని స్పిరిట్ తీస్తారు. అందాకా మా దగ్గర అన్ని మందులకీ ఒకటే దారి. జిన్నుకి ప్రాణం జూనిపర్ కాయ. ఎండితే మిరియం గింజకి అన్నలా ఉంటుంది. నలిపితే దేవదారు చెక్కా నారింజ తొక్కా కలిపి నూరిన వాసన. హిమాలయాల వైపు నుంచి వస్తుంది. ఆ కాయలూ, ధనియాలూ, ఎండిన నిమ్మ తొక్కలూ, కాస్త దాల్చినచెక్కా, అతిమధురం వేళ్ళూ నీళ్ళు కలిపిన స్పిరిట్లో రాత్రంతా నానేసి, పొద్దున గిన్నె కింద ఆవిరి వదులుతాం. ముందు వచ్చే ధార ముక్కు కోసేస్తుంది, గోళ్ళరంగు వాసన. అది పారబోయాలి. తర్వాత వచ్చే నడి ధారే జిన్ను. పోను పోను తడి గోనెసంచీ వాసన మొదలవుతుంది, అది కడ ధార, దాన్నీ కలపకూడదు. ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపాలన్నదే విద్యంతా.

ఆ ఆపడం మస్తాన్ గారి పని. ఆయనది మాచర్ల. ఐదు పూటలా నమాజు చేసే మనిషి. జిన్ను కాచినన్నాళ్ళూ ఒక్క చుక్క నాలిక మీద వేసుకోలేదు. అరచేతిలో రెండు చుక్కలు పోసుకుని రుద్ది, దోసిలి మొహానికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని 'ఊఁ' అనేవాడు. ఊఁ అన్నాడంటే కుళాయి మార్చాలి. అదే సమయానికి నేను చుక్కని నీళ్ళలో కలిపి, నాలిక మీద తిప్పి, ఉమ్మేసి, తల ఊపేదాన్ని. ముక్కు ఆయనది, నాలిక నాది. ఇద్దరు కలిస్తే ఒక మనిషి అవుతారని పనివాళ్ళు నవ్వుకునేవాళ్ళు. ఆయన భార్య పోయి చానా ఏళ్ళయింది. ఆ మాటకి ఆయన తల వంచుకునేవాడు, నేను వాళ్ళని కసిరేదాన్ని. కసిరినా నాకు బాగానే ఉండేది ఆ మాట.

వాళ్ళ అక్క జారిపడి తుంటి విరగ్గొట్టుకుంటే, చూసుకునే దిక్కు లేక ఆయన రాజీనామా ఇచ్చి మాచర్ల వెళ్ళిపోయాడు. గిన్నె ఆగిపోయింది. స్పిరిట్లో ఎసెన్సు చుక్కలు కలిపి అదే జిన్నని సీసాల్లో పోయడం మొదలైంది. రెండేళ్ళకి కొత్త మేనేజరు వచ్చి గిన్నె కోసి రాగి కింద అమ్మేద్దామన్నాడు. నేను పోట్లాడాను. పోట్లాడగా పోట్లాడగా, నెలాఖరు లోపల ఒక్క బ్యాచ్ పాత పద్ధతిలో కాచి చూపించండి, బాగుంటే గిన్నె ఉంచుతాం, మస్తాన్‌ని తెచ్చుకునే పని మీది అన్నాడు. ఆయన నోటి వెంట ఆ పేరు వినగానే నాకు గిన్నె సంగతి మరుపున పడింది.

గుంటూరు స్టేషన్లో మాచర్ల పాసింజర్ పొద్దున్నే ఉంటుంది. వెళ్ళదలచినవాళ్ళు అరగంట ముందు పోండి. లేకపోతే మిరప బస్తాల మీద కూర్చోవాలి. నేను ముందే పోయినా బస్తా పక్కనే దొరికింది. చిన్న పట్టాల బండి, ఇంజనుది బొగ్గు. కిటికీ తీస్తే కంట్లో నుసి, మూస్తే మిరప ఘాటు. పెట్టె పెట్టెంతా తుమ్ముతూనే ఊరు దాటింది.

నా ఒళ్ళో రెండు గుడ్డ సంచులు. ఒకదాన్లో జూనిపర్ కాయలు, ఇంకోదాన్లో ధనియాలు. సరుకు చూపిస్తే మనసు లాగుతుందని నా ఆశ. ఎదురుగా రిటైరయిన మేష్టారు ఒకాయన, గురజాలలో కూతురింటికి పోతున్నాడు. పక్కన సత్తెనపల్లిలో దిగే ఒక పెద్దమ్మ. మెళ్ళో సిలువ గొలుసు చూసి మనోళ్ళే అనుకుంది. ఏం ఉద్యోగం అమ్మాయ్ అంది. చెప్పాను. ఆమె తన సంచి అటు జరుపుకుంది. తర్వాత నెమ్మదిగా మీ పాస్టరు గారికి తెలుసా అంది. ఆయనకి తెలుసు, ఆయన పైవాడికీ తెలుసు అన్నాను. ఆమె దిగేదాకా కిటికీ వైపు తిరిగే కూర్చుంది. పాపం, దిగేటప్పుడు మాత్రం నా చేతిలో రెండు జామకాయలు పెట్టి పోయింది.

మేష్టారికి ఉత్సాహం వచ్చింది. అన్ని జిన్నులూ ఒకటేనా అని అడిగాడు. అడిగినవాడిది పాపం, నేను మొదలుపెడితే ఆపను. లండన్ డ్రై అని ఒక రకం. లండన్లో కాయాలనేం లేదు, గుంటూరులో కాచినా అదే పేరు. వాసనంతా గిన్నెలోంచే రావాలి, దిగాక నీళ్ళు తప్ప ఏమీ కలపకూడదు, చక్కెర మాటే ఎత్తకూడదు. డ్రై అంటే అదే. ఇంకో రకంలో గిన్నెలో కాచినా పైన కూడా కొంత వాసన చేర్చుకోవచ్చు. ఓల్డ్ టామ్ అని తియ్యగా ఉండేది ఒకటి. పాతకాలంలో స్పిరిట్ కంపు కప్పడానికి తీపి కలిపేవాళ్ళట. హాలండు వాళ్ళది వీటికి తాత, మొలకెత్తిన ధాన్యంతో కాచిన సారాలో ఈ కాయలు వేసేవాళ్ళు, ముద్దగా బరువుగా ఉంటుందంటారు. నేనూ పుస్తకాల్లో చదవడమే. ఇక చివరిది మేం ఇప్పుడు చేస్తున్నది, పొయ్యి లేదు గిన్నె లేదు, స్పిరిట్లో ఎసెన్సు.

మేష్టారు ఆలోచించి, అంటే మొదటిది పోపు పెట్టి కాచిన చారు, చివరిది వేణ్ణీళ్ళలో చారు పొడి అన్నాడు. నేను ఇన్నేళ్ళూ మేనేజర్లకి చెప్పలేకపోయింది ఆయన ఒక్క ముక్కలో చెప్పాడు. ఆయన మాత్రం జన్మలో చారు తప్ప ఏదీ తాగలేదట.

పిడుగురాళ్ల వచ్చేసరికి ఎండ ముదిరింది. సున్నపు బట్టీల పొగ, కాలిన రాయి వాసన. ప్లాట్‌ఫారం మీద మనుషుల కనుబొమలు కూడా తెల్లగా ఉన్నాయి. ఇక్కడ మిరపకాయ బజ్జీలు వేడివేడిగా అమ్ముతారు, తినండి. మంచినీళ్ళు మాత్రం ఇంటి నుంచే తెచ్చుకోండి. నడికుడిలో బండి ఇంజను నీళ్ళు తాగేదాకా నిలబడింది. అక్కడ ఇద్దరు అన్నదమ్ములు ఎక్కారు. గురజాల కోర్టులో వాయిదా ఉందట. ఒకే టిఫిన్ డబ్బాలోంచి పులిహోర తింటుంటే, సాక్ష్యానికి పోతున్నారా అని అడిగాను. కాదమ్మా, నేను వాది, మా తమ్ముడు ప్రతివాది అన్నాడు పెద్దాయన, ఇంకో ముద్ద తమ్ముడి వైపు నెడుతూ.

గురజాలలో వాళ్ళూ మేష్టారూ దిగిపోయారు. పెట్టె ఖాళీ అయింది. రెంటచింతల దాటాక రెండు పక్కలా నల్లబండలు, ఎర్రగా ఆరబోసిన మిరప కళ్ళాలు, మధ్యలో పత్తి కట్టె మోపులు. ఆయన రాననడానికి ఎన్ని కారణాలున్నాయో అన్నీ నాకు తెలుసు. దారంతా నేనే ఆయన తరఫున అడిగి, నేనే నా తరఫున జవాబులు చెప్పుకుంటూ వచ్చాను. బండి ఒంటిగంట దాటాక మాచర్ల చేరింది.

బస్టాండు ఎదురుగా ఒక లాడ్జి ఉంది. గది శుభ్రంగానే ఉంది, బావినీళ్ళు చల్లగా ఉన్నాయి. గుమాస్తా మాత్రం మీతో మగవాళ్ళు ఎవరూ లేరా అని అడిగాడు. ఉంటే ఇంత దూరం ఎందుకొస్తాను నాయనా అన్నాను. ఏమనుకున్నాడో తాళం ఇచ్చాడు. కింద హోటల్లో భోజనం చేశాను. గోంగూరలో పచ్చిమిర్చి కాక ఎండుమిర్చి వేసి నూరారు, కళ్ళు నీళ్ళు తిరిగాయి. రెండోసారి వేయించుకున్నాను.

మస్తాన్ గారి ఇల్లు చంద్రవంక వాగు వైపు. రిక్షా అతనికి అర్కుల మస్తాన్ అంటే తెలిసింది. మందుల కొట్లకి అర్కులు, అంటే ఆవిరి పట్టి దింపిన సోంపు నీళ్ళు, వామ్ నీళ్ళు, గులాబీ నీళ్ళు, కాచి ఇస్తున్నాడట. రిక్షా అతనే చెప్పాడు, ఈ మధ్య ఆయన సరుకులో పస తగ్గిందని కొట్టువాళ్ళు అనుకుంటున్నారని. నాకు ఒళ్ళు మండింది. మా మస్తాన్ గారి చేతి సరుకా అన్నాను. అతను నావైపు ఒకసారి చూసి తొక్కడం మొదలుపెట్టాడు.

వాకిట్లో నులకమంచం మీద వాళ్ళ అక్క కూర్చునుంది. ఊళ్ళో అందరూ ఆపా అనే పిలుస్తారు, నేనూ అట్లాగే పిలిచాను. వేపచెట్టు కింద చిన్న రాగి డేగిసా పొయ్యి మీద ఉంది. మూతకి పిండి మెత్తి, వెదురు గొట్టం వంచి, నీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టిన చెంబులోకి దించారు. మస్తాన్ గారు పత్తి కట్టె ఎగదోస్తున్నాడు. గడ్డం తెల్లబడింది. నన్ను చూసి లేచాడు, లేచి అట్లాగే నిలబడిపోయాడు.

"సలోమి గారూ," అన్నాడు. అంతే. రెండేళ్ళ తర్వాత ఆ పిలుపు వినడానికి పూటంతా నుసి తిన్నా తక్కువే అనిపించింది.

ఆపా చాయ్ పెట్టించింది. పెట్టించిందంటే తమ్ముడి చేతే. పాలు మాడిన వాసన గుప్పున కొట్టింది, గ్లాసు నోటి దగ్గర పెట్టుకోలేకపోయాను. వీడికి ఈ మధ్య పొయ్యి మీద ధ్యాస లేదమ్మా, అన్నం అడుగంటినా పక్కనే కూర్చునుంటాడు అని ఆపా విసుక్కుంది. ఆయన నవ్వి తప్పుకున్నాడు.

సోంపు అర్కు దిగడం మొదలైంది. మొదటి చెంబు నిండగానే ఆయన దాన్ని తీసుకుపోయి గోడవారన పారబోశాడు. నేను నోరు తెరిచి చూస్తున్నాను. నీళ్ళతో కాచేదాన్లో ముందు ధారేగా అసలు సరుకు. సోంపు నూనె అంతా అందులోనే దిగుతుంది. గోళ్ళరంగు కంపు స్పిరిట్ పనిలోగానీ నీళ్ళ పనిలో ఎందుకుంటుంది? ఆ గోడవారన నేలంతా సోంపు వాసన ఘుమఘుమలాడిపోతోంది. ఇన్నాళ్ళుగా ఊళ్ళో సరుకు పస లేదన్నది ఇందుకన్నమాట. అదేంది మస్తాన్ గారూ, మంచిది పోసేశారు అంటే, చేతి అలవాటండీ, ఇరవై ఏళ్ళు ముందు ధార పారబోసిన చెయ్యి అన్నాడు. నేను పకపకా నవ్వాను. మా గిన్నె ఆయన చేతిలో ఇంకా ఉందని సంబరపడ్డాను కూడా.

ఆ సంబరంలోనే మేనేజరు మాట చెప్పేశాను. గిన్నె కోసేస్తారని చెప్పాను. ఆపాని మా ఊరికి తీసుకురండి, ఇల్లు నేను చూస్తాను అన్నాను. ఆయన వింటూ కట్టె ఎగదోస్తున్నాడు. ఈసారి కాయ ఎట్లా ఉంది అని మాత్రం అడిగాడు. నేను తొందరలో గుడ్డ సంచి తీసి, మూతి కొంచెం సడలించి ఆయన చేతికిచ్చాను. ఆయన దోసిలితో మొహానికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని, పాత రోజుల్లో లాగే గుండెల నిండా పీల్చాడు.

"కాయ బాగుందండీ. మునపటి దానికంటే నూనె ఉంది."

నేను ఇచ్చింది ధనియాల సంచి.

సరిచెయ్యబోయి ఆగిపోయాను. మాడిన పాలు, అడుగంటిన అన్నం, గోడవారన పోసిన సోంపు నీళ్ళు, అన్నీ ఒక్కసారి మీదపడ్డాయి. చేతి అలవాటు కాదు. ఆయనకి ముక్కు లేదు. మా గిన్నెకి ఊఁ అని చెప్పిన ముక్కు లేదు. ఆయన సంచి జాగ్రత్తగా ముడేసి నాకిచ్చాడు. సరే, రాత్రికి కాయ నీళ్ళలో నానేస్తాను, ఆపా ఇంట్లోకి సారా రానివ్వదు, రేపు పొద్దున వట్టి నీళ్ళతోనే కాచి చూద్దాం రండి అన్నాడు. ఇంకో సంచి ఆయనకిచ్చి లాడ్జికి వచ్చేశాను. తలుపేసుకుని ఏడ్చాను. చెప్పుకోడానికి సిగ్గేం లేదు. ఆ ముక్కు కోసం ఎంత ఏడ్చానో, నా దగ్గర దాచినందుకు అంతకంటే ఎక్కువ ఏడ్చాను.

తెల్లారి ఇడ్లీలు తిని వెళ్ళాను. ఆయన అప్పటికే మూతకి పిండి మెత్తుతున్నాడు. నేను పీట వాల్చుకుని కూర్చుని, డొంకతిరుగుడు నాకు చేతకాదు కాబట్టి ఉన్నమాట అడిగేశాను, మీకు వాసన ఎప్పట్నుంచి తెలియట్లేదని. ఆపా మంచం మీంచి ఏందీ అంది. ఆయన చెయ్యి ఆగింది.

పోయిన వానాకాలంలో జ్వరం వచ్చిందట. జ్వరం పోతూ పోతూ ముక్కుని తీసుకుపోయింది. నాటుమందులయ్యాయి, గుంటూరు డాక్టరయ్యాడు. అక్కకి చెప్తే దిగులు పడుతుందని చెప్పలేదు. కొట్లకి చెప్తే సరుకు కొనరు. అందుకని చేతిని నమ్ముకుని, పాత లెక్కన కాచుకుపోతున్నాడు. ఆపా చెంగు నోట్లో కుక్కుకుంది. ఇన్నాళ్ళూ కూర మాడిందని తిట్టాను గదరా అని ఒక్కటే మాట.

నేను పొయ్యి అంటించమన్నాను. ఆయన అంటించాడు. పనిలో పడితే ఆ మనిషి మునపటి మనిషే. మంట ఎక్కడ తగ్గించాలో, తొట్టి నీళ్ళు ఎప్పుడు మార్చాలో చెయ్యికి తెలుసు. గొట్టం చివర మొదటి చుక్క నిలబడింది. ఆయన అలవాటుగా అరచెయ్యి పట్టాడు, రుద్దాడు, మొహం దాకా తీసుకెళ్ళి దించేశాడు. ఆ చెయ్యి నా వైపు చాపాడు.

"ఎట్లా ఉందో చెప్పండి."

జీవితంలో మొదటిసారి ఆయన చెయ్యి పట్టుకున్నాను, వాళ్ళ అక్క చూస్తుండగా. వాసన చూసి చెప్పడం మొదలుపెట్టాను. ముందు నారింజ తొక్క గిల్లినట్టు ఉంది అన్నాను. ఇప్పుడు వాన పడ్డ దేవదారు చెక్క. ఇప్పుడు మిరియం కొరికినట్టు చిన్న కారం. ఆయన కళ్ళు మూసుకుని వింటున్నాడు, ఒక్కో మాటకి తల ఊపుతున్నాడు. చెంబు సగమయ్యేసరికి నాకు ఉడికిన ఆకు వాసన తగిలింది. తెలియకుండానే ఊఁ అన్నాను. ఆయన చెంబు మార్చేశాడు.

అది జిన్ను కాదు. స్పిరిట్ లేనిది జిన్ను కాదని నేనే అందరికీ చెప్పేదాన్ని. అయినా ఆ వాకిట్లో వేపచెట్టు కిందంతా మా ఫ్యాక్టరీ వచ్చి నిలబడింది. నాకే. ఆయనకి నా మాటలే.

రండి మస్తాన్ గారూ అన్నాను. ముక్కు నేను పడతాను, చెయ్యి మీరు పెట్టండి. ఆయన మూత చుట్టూ ఎండిన పిండి గిల్లుతూ జవాబు చెప్పాడు. ఇప్పుడు మీరు ఊఁ అన్నది సరైన చోటండీ, నా ముక్కున్నా అక్కడే అనేవాణ్ణి, గిన్నె దగ్గర ఇంక నా పని లేదు, ఊరికే నిలబెట్టి జీతమిస్తే అది నాకొద్దు, చుక్క చుక్కకీ ఎట్లుంది ఎట్లుంది అని మిమ్మల్ని అడుక్కుంటూ నిలబడలేను అన్నాడు. ఆపాని ఒంటరిగా వదల్లేనని కూడా చేర్చాడు. ఆపా ఊరుకుంటుందా.

"నన్ను అడ్డం పెట్టుకోమాక. పోవాలనుంటే నన్ను మోసుకునైనా పోతావు నువ్వు."

ఆయన పొయ్యిలో బూడిద తీయడం మొదలుపెట్టాడు. నాకు కోపం వచ్చింది, పౌరుషమూ వచ్చింది. సరే, మీ ఇష్టం అన్నాను. సోంపు అర్కు ముందు ధార ఇకమీద పారబోయవద్దని, వామ్‌కి కూడా అంతేనని, గులాబీకి మరీ ముఖ్యమని గట్టిగా చెప్పాను. పిల్లలకి చెప్పినట్టు రెండుసార్లు చెప్పించుకున్నాను. ఆపా అన్నం తినిపోవే అంది. తిన్నాను. జొన్నరొట్టె, తలకాయ కూర. రుచి తెలియలేదని అబద్ధం చెప్పను, బాగుంది.

మధ్యాహ్నం బండికి ఆయన స్టేషన్ దాకా వచ్చాడు. దారంతా కొత్త మేనేజరు సంగతీ, పనివాళ్ళ సంగతులూ మాట్లాడుకున్నాం. ప్లాట్‌ఫారం మీద రాతి బండల లోడు, మేకలు తోలుకొచ్చిన ఒక ముసలాయన, మేం. కిటికీ పక్క సీటు దొరికింది. ఆయన కిటికీ ఊచలు పట్టుకుని బయట నిలబడ్డాడు. గార్డు ఈల నోట్లో పెట్టుకుంటే నాకు భయమేసింది. అడగాల్సింది గిన్నె కోసం అడిగేశానుగానీ నా కోసం అడగలేదు.

"నేను గిన్నె కోసం రాలేదు మస్తాన్ గారూ," అన్నాను. "అది కోసుకుంటే కోసుకోనీ. మీరు లేక నాకు తోచట్లేదు."

ఆయన తల వంచుకున్నాడు, పనివాళ్ళు నవ్విన రోజుల్లో లాగే. తర్వాత తలెత్తి నన్ను చూశాడు.

"జ్వరం తగ్గాక ముక్కు పోయిందని తెలిసినప్పుడు నేను ఏడవలేదండీ. అర్కులే గదా, చేత్తో కాచుకుంటాలే అనుకున్నా. నిన్న మీరు వాకిట్లోకి వచ్చి నా పక్కన నిలబడ్డారు. మీ వాసన రాలేదు. మీరెళ్ళాక కూర్చుని ఏడ్చాను."

బండి కదిలింది. ఆయన బండితో పాటు రెండడుగులు నడిచి ఊచలు వదిలేశాడు. చెయ్యి ఊపలేదు. నేను వెనక్కి చూస్తూనే ఉన్నాను, వంపు తిరిగి బండల గుట్టలు అడ్డం వచ్చేదాకా.

రెంటచింతలలో ఎవరో నిమ్మకాయ సోడా ఇచ్చారు, తాగాను. గురజాలలో కోర్టు మనుషులు ఎక్కారు. పిడుగురాళ్ల బజ్జీల జోలికి పోలేదు. గిన్నె సంగతి తేల్చుకున్నాను, నెలాఖరు లోపల బ్యాచ్ నేనే కాస్తాను, కాయగలను, ఆ ధైర్యం ఆయన ఇచ్చాడు. పల్నాడు గురించి అడిగితే చెప్తాను, ఎండ ఎక్కువ, మాట కటువు, అన్నం పెట్టకుండా పంపరు, మిరపకాయలు ఎండే రోజుల్లో వెళ్ళండి. కానీ సత్తెనపల్లి దాటి గుంటూరు ఘాటు తగిలేదాకా నేను పమిట చెంగు మొహానికి అడ్డం పెట్టుకునే కూర్చున్నాను. పీల్చి పీల్చి చూశాను. పొగ వాసన వచ్చింది, కాయ వాసన వచ్చింది, ఆపా ఇంటి కూర వాసన వచ్చింది. నా వాసన ఏందో మాత్రం నాకు తెలియలేదు. ఎవరిది వాళ్ళకి తెలియదట. నాది తెలిసినవాడు ఈ లోకంలో ఒక్కడే.